పరిశోధనకు బొమ్మ కావాలి: చేత్తో గీయాలా, ఫోటో పెట్టాలా, సాఫ్ట్‌వేర్‌లో చేయాలా, ఏఐని అడగాలా?

ప్రయోగాలు అయిపోయాయి, పేపర్ రాయడమూ అయిపోయింది. ఆఖర్లో గైడ్ ఒక మాట అంటారు: "దీనికి ఒక మంచి బొమ్మ పడాలమ్మా." టెన్షన్ అక్కడ మొదలవుతుంది. స్నేహితుడు బయోరెండర్ (రెడీమేడ్ సైన్స్ బొమ్మల వెబ్‌సైటు) అంటాడు, సీనియర్ పవర్‌పాయింట్ చాలంటుంది, తమ్ముడు ఏఐతో రెండు నిమిషాల్లో తీసి చూపిస్తాడు. కాకినాడలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళకీ, వరి చేల మీద పనిచేసే కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే) సిబ్బందికీ, రొయ్యల చెరువుల మీద ప్రాజెక్ట్ చేస్తున్న భీమవరం పిల్లలకీ ఈ తికమక ఒక్కలాంటిదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బొమ్మలో ఏ ఒక్క వివరం తప్పు పోకూడదో ముందు తేల్చుకోండి, దేనితో గీయాలన్నది ఆ తర్వాత ఆలోచించండి. గోదావరి డెల్టాలో పనిచేసేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. తేలిగ్గా దొరికే రెడీమేడ్ బొమ్మల్లో చాలావరకు ఇంకెక్కడి నేలనో, ఇంకెక్కడి చెట్టునో, ఇంకెక్కడి చేపనో చూసి వేసినవి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మన విషయానికి మాత్రం తప్పుడు సాక్ష్యం చెబుతాయి.

## ముందుగా ఐదు ప్రశ్నలు

ఎవరు చూస్తారు, ఎక్కడ చూస్తారు? జర్నల్‌లో ఒక కాలమ్ వెడల్పు సుమారు 85 నుంచి 90 మిల్లీమీటర్లు. ల్యాప్‌టాప్ తెర నిండా పెట్టుకుని గీసిన బొమ్మ అంత చిన్నదైపోయాక అందులో అక్షరాలు కనపడాలి. గ్రాఫికల్ అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాన్ని ఒక్క బొమ్మలో చెప్పేది) అయితే ఎత్తు మరీ తక్కువ. ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ జర్నళ్ళు 1328 పిక్సెల్స్ వెడల్పు, 531 పిక్సెల్స్ ఎత్తు తగ్గకూడదంటాయి, అది 13 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. ఎత్తులో చదవగలిగేలా ఉండాలంటాయి. అదే బొమ్మ రైతు సేవా కేంద్రం గోడ మీద ఫ్లెక్సీ అయితే, పది అడుగుల దూరంలో నిలబడ్డ మనిషికి అర్థం కావాలి. వాట్సాప్‌లో వెళ్ళేదైతే ఎండలో, పగిలిన ఫోన్ తెర మీద కనపడాలి. ఈ మూడింటికీ ఒకే బొమ్మతో సరిపెట్టలేం.

ఏ వివరం తప్పితే బొమ్మ పనికిరాదు? వరికి పట్టే సుడిదోమ అనే పురుగు సంగతే చూడండి. అది ఆకు చివర కూర్చోదు. దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన కాండాన్ని పట్టుకుని రసం పీలుస్తుంది. పోస్టర్‌లో దోమను ఆకు మీద పెట్టామనుకోండి, రైతు ఆకులు చూసి "మా చేలో లేదండీ" అని వెళ్ళిపోతాడు. వారం తిరిగేసరికి చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. ఇక్కడ దోమ ఎంత అందంగా వచ్చిందన్నది లెక్కలోకి రాదు, అది కూర్చున్న చోటు సరిగ్గా ఉండాలి. వరి చేలో గాలి, వెలుతురు తగలడానికి వదిలే కాలిబాటల బొమ్మ అయితే అసలు విషయం కొలతలో ఉంటుంది: ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట, తూర్పు పడమరలుగా. ఆ బొమ్మలో దిక్కులు చూపించే గుర్తు లేకపోతే సగం సలహా ఎగిరిపోయినట్టే.

మళ్ళీ మార్చాల్సి వస్తుందా? వస్తుంది. రివ్యూయర్ ఒక బాణం తీసెయ్యమంటారు, గైడ్ రంగు మార్చమంటారు.

తెలుగు అక్షరాలు ఉంటాయా? ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు అక్కడికక్కడే చేతులెత్తేస్తాయి.

హక్కులు ఎవరివి, డబ్బెంత, గడువెంత? గూగుల్‌లో దొరికింది కదా అని తెచ్చి పెట్టుకునేది పరిశోధన పత్రంలో నిలవదు.

## చేత్తో గీయడం

చాలామంది దీన్ని పాతకాలపు పద్ధతి అనుకుని వదిలేస్తారు. నేను మాత్రం మొక్కలు, పురుగులు, చేపల విషయంలో మొదటి ఓటు దీనికే వేస్తాను.

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవికి వెళ్ళి చూడండి. అక్కడ ఎక్కువగా కనిపించేవి తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్లు. మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు శ్వాస వేర్లు పైకి లేచి ఉంటాయి. పోటు వచ్చినప్పుడు అవి మునుగుతాయి, ఆటుకు బయటపడతాయి. తిల్లకు అలాంటి వేర్లు ఉండవు. ఉప్పు పొన్నకు కాండం నుంచి వంగి దిగే ఊత వేర్లుంటాయి. ఫోటో తీస్తే ఇవన్నీ బురద, నీడ, ఆకుల మధ్య కలగాపులగంగా వస్తాయి. గీసే చెయ్యి మాత్రం అక్కర్లేనివి వదిలేసి, వేరు నేలలోంచి లేచే చోటు ఒక్కటే విడమరిచి చూపించగలదు. గీయాలంటే ముందు నిదానంగా చూడాలి కదా. ఫోటోలో కళ్ళు దాటేసిన సంగతులు పెన్సిల్ పట్టుకున్నాక పట్టుబడతాయి.

సామాను పెద్దగా అక్కర్లేదు. హెచ్‌బీ పెన్సిల్, ట్రేసింగ్ పేపర్, 0.1 నుంచి 0.5 వరకు నల్ల ఇంకు పెన్నులు ఉంటే చాలు. నీడ కోసం రుద్దకండి, చుక్కలు పెట్టండి. ముద్రణలో చుక్క నిలబడుతుంది, రుద్దింది మాత్రం మసకబారుతుంది. అచ్చులో పడాల్సిన సైజుకు రెట్టింపు పెద్దగా గీసి తర్వాత తగ్గిస్తే గీతల్లో వణుకు కనపడదు. స్కాన్ 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలు) తగ్గకుండా చేయించండి. ఫోన్‌తో ఫోటో తీసి సరిపెట్టుకుంటే కాగితం అంచులు వంగి వస్తాయి, ఒక పక్క నీడ పడుతుంది.

పేర్లు, బాణాలు మాత్రం చేత్తో రాయకండి. బొమ్మను స్కాన్ చేశాక కంప్యూటర్‌లో పెట్టుకుంటే ఇంగ్లీషు ప్రతి ఒకటి, తెలుగు ప్రతి ఒకటి తీసుకోవచ్చు. "40 రెట్లు పెద్దది" అని కూడా రాయొద్దు. ఎవరైనా బొమ్మను చిన్నది చేయగానే ఆ మాట అబద్ధమైపోతుంది. పక్కన కొలత గీత ఒకటి గీసి "1 మి.మీ." అని రాస్తే, బొమ్మతో పాటే అదీ పెరుగుతుంది, తగ్గుతుంది.

దీనితో ఇబ్బంది రెండు చోట్ల. ఒకటి, మార్పులు చెబితే మళ్ళీ గీయాలి. రెండు, అందరికీ చెయ్యి తిరగదు. రెండోదానికి భయపడక్కర్లేదు. సొంత ఫోటోను ట్రేసింగ్ పేపర్ కింద పెట్టి గీసుకోవడం ఈ పనిలో మామూలే.

## ఫోటో

ఫోటో సాక్ష్యానికి, గీత వివరణకు. ఈ తేడా గుర్తుంటే సగం తికమక పోతుంది.

కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమ ఉదాహరణ తీసుకుందాం. ఇది 2016లో మన దేశంలో బయటపడి, తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకూ వచ్చింది. గుడ్లు ఆకు అడుగున చుట్లు చుట్లుగా ఉంటాయి. దోమ విసర్జించే తీపి జిగురు కింది ఆకుల పైభాగం మీద పడుతుంది, దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. దోమ ఒక ఆకు అడుగున, మసి ఇంకో ఆకు పైన. రెండూ ఒకే ఫోటోలో రావు. అందుకని "ఇదిగో గుడ్ల చుట్లు", "ఇదిగో మసి" అని రెండు ఫోటోలు పెట్టి, జిగురు పైనుంచి కిందికి ఎలా పడుతుందో పక్కన చిన్న గీత బొమ్మ వేయాలి. ఇలా కలిపి వాడితేనే రైతుకు "మందు ఎక్కడ తగలాలి" అన్నది అర్థమవుతుంది.

జాగ్రత్తలు కొన్ని. ఫోటో తీసేటప్పుడే పక్కన స్కేలు పెట్టండి. వెలుతురు పెంచినా తగ్గించినా ఫోటో మొత్తానికి చేయండి. ఒక మూల మచ్చను మాత్రమే ముదురు చేశారంటే అది డేటాను మార్చినట్టే లెక్క. స్నేహితుడు పంపే ఫోటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది. ముద్రణకు 300 డీపీఐ ఉండాలి. చిన్న ఫోటోను సాగదీసి ఆ అంకె తెప్పించినంత మాత్రాన కొత్త వివరం ఏమీ రాదు.

## ఇంక్‌స్కేప్, ఇలస్ట్రేటర్

ఇవి వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లు. చుక్కల సమూహంగా కాకుండా గీతల లెక్కగా బొమ్మను దాచుకుంటాయి కాబట్టి విజిటింగ్ కార్డు సైజు నుంచి ఫ్లెక్సీ దాకా ఎంత పెంచినా అంచులు చెదరవు. ఇంక్‌స్కేప్ పూర్తిగా ఉచితం. ఇలస్ట్రేటర్‌కు నెలనెలా చందా కట్టాలి. పరిశోధన బొమ్మల వరకైతే ఇంక్‌స్కేప్‌తో కాని పని నాకు కనపడలేదు. ఎవరైనా డిజైనర్‌తో కలిసి పనిచేస్తూ, ఆయన ఫైళ్ళన్నీ ఇలస్ట్రేటర్‌లో ఉంటే అది వేరే సంగతి.

వీటి అసలు బలం కోత బొమ్మల్లో తెలుస్తుంది. నేలను నిలువుగా కోసి చూపించే బొమ్మ అన్నమాట: నది, గట్టు, కాలువ, వరి చేను, రొయ్యల చెరువు, మురుగు కాలువ, ఇసుక దిబ్బ, సముద్రం. డెల్టా మీద పనిచేసే ప్రతివాళ్ళకూ ఎప్పుడో ఒకప్పుడు ఇది కావాల్సిందే. ఇందులో రెండు చోట్ల తప్పు పోతుంటారు.

మొదటిది ఎత్తు. మన నేల ఎంత చదునో కాగితం మీద పెడితే గానీ తెలియదు. 1 కిలోమీటరుకు 1 సెంటీమీటరు చొప్పున గీస్తే, 10 మీటర్ల ఎత్తు అదే కొలతలో 0.1 మిల్లీమీటరు వస్తుంది, అంటే సన్న పెన్ను గీత మందం. కాబట్టి నిలువు కొలతను వందల రెట్లు పెంచక తప్పదు. పెంచడం తప్పు కాదు. ఎన్ని రెట్లు పెంచామో బొమ్మ మీద రాయకపోవడం తప్పు. లేకపోతే ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా కొండ దిగినట్టు కనిపిస్తుంది.

రెండోది ఉప్పునీరు. చాలా బొమ్మల్లో మంచినీటికీ ఉప్పునీటికీ మధ్య నిలువు గోడ గీసేస్తారు. ఉప్పునీరు బరువు, అందుకని అది మంచినీటి అడుగుకు వాలుగా చొచ్చుకొస్తుంది, మంచినీరు దాని పైన తేలుతుంది. సిద్ధాంతం ప్రకారం సముద్ర మట్టానికి పైన 1 మీటరు మంచినీటి మట్టం ఉంటే, కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు నిలుస్తుంది. పైన కొంచెం తగ్గినా కింద ఎంత నష్టమో ఒక్క వాలు గీతతో చెప్పొచ్చు. నిలువు గోడ గీస్తే ఆ విషయమే మాయమైపోతుంది. బోర్లు ఎక్కువగా తోడే ఊరికి ఈ బొమ్మ చూపిస్తే, పేజీల రిపోర్టు కంటే త్వరగా ఎక్కుతుంది.

తెలుగు అక్షరాల విషయంలో ఇంక్‌స్కేప్ నమ్మకమైనది. "స్త్రీ", "క్షేత్రం" లాంటివి వత్తులతో సహా సరిగ్గా వస్తాయి. ఇలస్ట్రేటర్‌లో అయితే టైప్ సెట్టింగుల్లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే వత్తులు విడిపోతాయి. పైథాన్ ప్రోగ్రామ్‌తో గీసిన గ్రాఫులకు తెలుగు పేర్లు అక్కడే పెట్టకండి. గ్రాఫును ఎస్‌వీజీగా (వెక్టర్ ఫైలుగా) తీసుకుని ఇంక్‌స్కేప్‌లో పేర్లు పెట్టుకోండి. ఫాంట్లకు కొదవ లేదు. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర అన్నీ ఉచితమే. పోస్టర్ శీర్షికకు రామభద్ర లావుగా నిండుగా ఉంటుంది. చిన్న లేబుళ్ళకు మాత్రం అది పనికిరాదు, వత్తులు పూడుకుపోతాయి. తెలుగు లేబుల్‌ను ఇంగ్లీషు లేబుల్ కంటే రెండు పాయింట్లు పెద్దగా పెట్టడం నాకు అలవాటు.

ప్రింటింగ్ షాపుకు ఇచ్చే ముందు ఇంకో పని చేయాలి. మన ఊళ్ళల్లో డీటీపీ షాపులు చాలావరకు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో పనిచేస్తాయి. మీ యూనికోడ్ ఫైలును అక్కడ తెరిస్తే అక్షరాలు తారుమారు కావచ్చు. అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. మార్చని అసలు ఫైలు మీ దగ్గర ఉంచుకోండి, గీతలైపోయాక అక్షరదోషం దిద్దలేరు.

## పవర్‌పాయింట్

తక్కువ చూపు చూడక్కర్లేదు. డబ్బాలు, బాణాలతో పద్ధతి చెప్పే బొమ్మకు, నమూనా తీసిన దగ్గర్నుంచి ఫలితం దాకా వరుస చూపడానికి ఇది చాలు. అందరి కంప్యూటర్‌లోనూ ఉంటుంది, గైడ్ కూడా తెరిచి దిద్దగలరు. తెలుగు బాగానే వస్తుంది. ముందే స్లైడ్ సైజును జర్నల్ అడిగిన కొలతకు మార్చుకోండి. స్క్రీన్‌షాట్ తీయకుండా పీడీఎఫ్‌గా భద్రపరచండి. వంపు తిరిగిన గీతలు, జీవుల ఆకారాలు కావాలంటే మాత్రం దీనితో కుస్తీ పట్టకండి.

## మ్యాపు కావాలంటే

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. ఇది ఉచితం, మ్యాపుల వరకు ఇంకో పేరు చెప్పాల్సిన అవసరం నాకు కనిపించదు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాల్లో 10 మీటర్ల వివరం దొరుకుతుంది, రెండూ ఉచితమే. తీరం ఎక్కడ కోసుకుపోయింది, చెరువులు ఎక్కడ పెరిగాయి అన్నవి వీటితో చూపించొచ్చు.

తీరాన్ని రెండు కాలాల మధ్య పోల్చేటప్పుడు రెండు చిత్రాలూ ఒకే రకం పోటు సమయానివి అయి ఉండాలి. ఒకటి పోటులోది, ఇంకొకటి ఆటులోది అయితే, బురద నేల బయటపడిన మేరంతా కొత్తగా భూమి పుట్టినట్టు కనిపిస్తుంది. మన తీరం ఇంత చదునుగా ఉంది కాబట్టి ఆ తేడా చిన్నదేం కాదు.

రంగుల్లో ఇంద్రధనుస్సు వరుస వద్దు. పసుపు దగ్గర ఏమీ లేకపోయినా అంచు ఉన్నట్టు కన్ను మోసపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెడితే మగవాళ్ళలో కొందరికి అవి రెండూ ఒకేలా కనపడతాయి. విరిడిస్ అనే రంగుల వరుస (ముదురు ఊదా నుంచి పసుపు దాకా) వాడితే నలుపు తెలుపులో జిరాక్స్ తీసినా తేడా నిలుస్తుంది. దేశ సరిహద్దు కనిపించే మ్యాపు అయితే సర్వే ఆఫ్ ఇండియా సరిహద్దులే వాడాలి. విదేశీ వెబ్‌సైటు నుంచి తెచ్చిన ఫైలును చూసుకోకుండా పెట్టేయకండి.

## రెడీమేడ్ బొమ్మలు

బయోరెండర్‌లో కణాలు, వైరస్‌లు, ల్యాబ్ పరికరాలు వేలల్లో ఉన్నాయి. లాగి పెట్టుకుంటే గంటలో బొమ్మ తయారు. జర్నల్‌లో ప్రచురించాలంటే డబ్బు కట్టే ప్లాన్ ఉండాలి, ఉచిత ప్లాన్ దానికి చెల్లదు. ఉచితంగా కావాలంటే సర్వియర్ మెడికల్ ఆర్ట్, బయోఐకాన్స్, ఫైలోపిక్ అనే సైట్లు ఉన్నాయి. డెల్టా మీద పనిచేసేవాళ్ళు ముందు చూడాల్సింది అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఐఏఎన్ (ఇంటిగ్రేషన్ అండ్ అప్లికేషన్ నెట్‌వర్క్) బొమ్మల సంగ్రహం. నదులు, తీరాలు, మడ చెట్లు, చేపలు, చెరువుల గుర్తులు వెక్టర్ రూపంలో అక్కడ ఉన్నాయి. దేన్ని వాడుకున్నా ఆ బొమ్మ లైసెన్సు చదివి, అడిగినట్టుగా పేరు చెప్పండి.

వేగం విషయంలో వీటిని కొట్టేది లేదు. ల్యాబ్‌లో డీఎన్‌ఏ తీసే పద్ధతి ఏలూరులో చేసినా ఎడిన్‌బరోలో చేసినా ఒకటే, పరీక్ష గొట్టం బొమ్మకు ఊరు ఉండదు. అలాంటి చోట కళ్ళు మూసుకుని వాడండి.

జీవి, నేల, పనిముట్టు వచ్చేసరికి ఆగండి. "మాంగ్రోవ్" అని వెతికితే ముందుగా వచ్చేది ఎక్కువగా ఊత వేర్ల చెట్టే. కోరంగిలోని తెల్ల మడ గురించి రాసిన పేపర్‌లో ఆ గుర్తు పెడితే జాతి మారిపోయినట్టే. "ష్రింప్" అని వెతికితే ఎర్రగా, గుండ్రంగా ముడుచుకున్న రొయ్య వస్తుంది. అది వండిన రొయ్య. చెరువులో బతికున్న వెనామీ రకం రొయ్య తెల్లగా, గాజులా ఉంటుంది. ఒంటి మీద ఎరుపు తిరిగిందంటే రైతు గుండెలో రాయి పడుతుంది, తెల్లమచ్చ వైరస్‌లో అదీ ఒక లక్షణం కాబట్టి. మేత గురించి చెప్పే పోస్టర్‌లో ఎర్ర రొయ్య ఉంటే ఆయన చదివేది మేత సంగతి కాదు. టైగర్ రొయ్య మీద చారలుంటాయి, వెనామీకి ఉండవు. ఇలాంటి గుర్తు దొరికితే ఇంక్‌స్కేప్‌లో తెరిచి రంగు, చారలు దిద్దుకోండి, లైసెన్సు ఒప్పుకుంటే.

## ఏఐ బొమ్మలు

2024 ఫిబ్రవరిలో ఒక అంతర్జాతీయ జర్నల్ పేపర్‌లో ఏఐతో చేసిన ఎలుక బొమ్మ వచ్చింది. శరీర భాగాలు అసాధ్యమైన ఆకారంలో, లేబుళ్ళు అర్థంలేని అక్షరాల్లో ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. బొమ్మ తప్పయితే పోయేది బొమ్మ ఒక్కటే కాదని ఆ రచయితలకు అలా తెలిసింది. అంతకు ముందే, 2023లో, నేచర్ పత్రిక ఏఐతో పుట్టించిన బొమ్మలను ప్రచురించబోమని చెప్పింది. మీరు పంపే జర్నల్ నియమం ఏమిటో ముందు చదవండి.

ఏఐ బొమ్మకు చూసిన అనుభవం ఉండదు. ఎన్నో బొమ్మల్లోంచి సగటు తీసిన పోలిక ఉంటుంది. రెడీమేడ్ గుర్తుల్లో ఉన్న ఊత వేర్లు, ఎర్ర రొయ్యలు ఇక్కడ ఇంకా నమ్మకంగా తిరిగొస్తాయి, పైగా దిద్దడానికి గీతలు విడివిడిగా ఉండవు. తెలుగు లేబుల్ అడిగితే అక్షరాల్లాంటి గీతలు వచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

నేను దీన్ని ఒక్క పనికే ఒప్పుకుంటాను: బొమ్మలో ఏది ఎక్కడ ఉంటే బాగుంటుందో నాలుగు రకాలుగా చూసుకోవడానికి. ఆ తర్వాత దాన్ని పక్కన పెట్టి సొంతంగా గీయాలి.

## చిత్రకారులకు అప్పగించడం

గోదావరి తీరంలో చూసి గీసేవాళ్ళకు కొదవ లేదు. చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) పుట్టిన రాజమహేంద్రవరం ఇది, ఆయన పేర ఆర్ట్ గ్యాలరీ ఇప్పటికీ ఉంది. స్కూల్ డ్రాయింగ్ మాస్టార్లు, ఫైన్ ఆర్ట్స్ చదివిన పిల్లలు, బోర్డులు రాసే ఆర్టిస్టులు వెతికితే దొరుకుతారు. వాళ్ళకు సైన్స్ తెలియక్కర్లేదు, అది మీ పని. వాళ్ళ చేతికి ఉన్న బలం మీకు లేదు కదా.

అప్పగించే ముందు ఒక కాగితం రాసివ్వండి. "ఇవి తప్పు పోకూడదు" అని మూడు నాలుగు ముక్కలు: వేర్లు పెన్సిళ్ళలా నిటారుగా ఉండాలి, ఆకు అడుగు భాగం తెల్లగా ఉండాలి, పోటు నీటి మట్టం ఇక్కడిదాకా రావాలి. పక్కనే సొంత ఫోటోలు ఇవ్వండి. వీలైతే పడవ మీద తీసుకెళ్ళి చూపించండి, దాన్ని మించింది లేదు. పెన్సిల్ దశలో ఒకసారి, ఇంకు ముందు ఒకసారి చూస్తానని చెప్పండి. రంగులు వేశాక "చెట్టు తప్పు" అంటే ఇద్దరికీ బాధే. డబ్బు ఎంత, ఎన్ని మార్పుల దాకా, అసలు ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది, పేరు ఎక్కడ వేస్తారు, ఇవన్నీ ముందే రాసుకోండి. పేపర్‌లో వాళ్ళ పేరు వేయడం మర్యాద కోసం మాత్రమే కాదు, వాళ్ళకు అది తర్వాతి పని తెచ్చిపెడుతుంది.

## ఒక్క చూపులో

| పద్ధతి | దేనికి మేలు | ఖర్చు | మార్పులు చేయడం | తెలుగు అక్షరాలు | ఎక్కడ దెబ్బతింటాం |
|---|---|---|---|---|---|
| చేతి గీత | మొక్కలు, పురుగులు, చేపలు | చాలా తక్కువ | కష్టం | స్కాన్ చేశాక పెట్టుకోవాలి | టైమ్ పడుతుంది |
| ఫోటో | లక్షణాలకు సాక్ష్యం | తక్కువ | మొత్తం వెలుతురు తప్ప చేయకూడదు | పైన విడిగా | గందరగోళంలో విషయం పోతుంది |
| ఇంక్‌స్కేప్ | కోత బొమ్మలు, పోస్టర్లు | ఉచితం | తేలిక | బాగుంటాయి | నేర్చుకోవడానికి ఓపిక కావాలి |
| ఇలస్ట్రేటర్ | డిజైనర్‌తో కలిసి చేసే పని | నెలవారీ చందా | తేలిక | సెట్టింగ్ మార్చాలి | చందా ఆగితే పని ఆగుతుంది |
| పవర్‌పాయింట్ | పద్ధతి వరుస | చాలామంది దగ్గర ఉంటుంది | చాలా తేలిక | బాగుంటాయి | జీవుల ఆకారాలు రావు |
| క్యూజీఐఎస్ | మ్యాపులు | ఉచితం | తేలిక | ఒకసారి చూసుకోవాలి | పోటు, రంగులు, సరిహద్దులు |
| రెడీమేడ్ గుర్తులు | ల్యాబ్ పద్ధతులు, కణాలు | ఉచితం నుంచి చందా దాకా | వెక్టర్ అయితే తేలిక | మీరే పెట్టుకోవాలి | మన జాతి కాకపోవచ్చు |
| ఏఐ | అమరిక ఆలోచనలు | తక్కువ | కష్టం | నమ్మలేం | జర్నల్ తిప్పి పంపవచ్చు |
| చిత్రకారులు | పుస్తకాలు, ప్రదర్శనలు, పెద్ద పోస్టర్లు | ఎక్కువ | ఒప్పందాన్ని బట్టి | వాళ్ళ సాఫ్ట్‌వేర్‌ను బట్టి | ముందే చెప్పకపోతే తప్పులు |

## మీరు ఎవరైతే ఏది

పీహెచ్‌డీ మొదటి, రెండో ఏడాదిలో ఉంటే ఇంక్‌స్కేప్ ఇప్పుడే మొదలుపెట్టండి. థీసిస్ రాసే నాటికి చెయ్యి తిరుగుతుంది. ఒక్కో నమూనా జీవిని ఒకసారి శ్రద్ధగా గీసి దాచుకుంటే, అదే గుర్తు మీ ప్రతి పేపర్‌లోనూ, ప్రతి పోస్టర్‌లోనూ పనికొస్తుంది. మన డెల్టా జాతులకు మంచి గుర్తులు తక్కువ ఉన్నాయి కాబట్టి, గీసినవాటిని ఉచిత లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌లో పెట్టండి. మీ తర్వాత వచ్చేవాళ్ళు ఊత వేర్ల చెట్టుతో సరిపెట్టుకోవాల్సిన అవసరం ఉండదు.

రైతులకు చెప్పే పనిలో ఉంటే ఫోటో, చేతి గీత కలిపి వాడండి. ఒక పోస్టర్‌లో ఒకే పని చెప్పండి. అచ్చు వేయించే ముందు చిన్న ప్రింటు తీసి, మాటలు లేకుండా బొమ్మ ఒక్కటే ఇద్దరు ముగ్గురు రైతులకు చూపించి "దీన్ని చూస్తే ఏం చేయాలనిపిస్తోందండీ?" అని అడగండి. "బాగుందండీ" అంటే అర్థం కాలేదన్నమాట. "అయితే దుబ్బు మొదట్లో కొట్టాలా?" అని తిరిగి అడిగితే అందినట్టే. ఇంత చవకైన పరీక్ష ఇంకోటి లేదు, చేసేవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

లెక్చరర్ అయితే బోర్డు మీద గీయడం మానకండి. పిల్లల ముందు గీత గీతగా పెరిగే బొమ్మలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా ఉంటుంది. తయారైన స్లైడ్‌లో అది ఉండదు. నోట్స్ కోసం అదే బొమ్మను పవర్‌పాయింట్‌లో చేసి ఇవ్వండి.

గ్రాంటు ఉండి, ప్రదర్శనకో పుస్తకానికో చేస్తుంటే చిత్రకారులకు ఇవ్వండి, బడ్జెట్‌లో ఆ ఖర్చును మొదట్లోనే రాసుకోండి. ఆఖర్లో మిగిలిన డబ్బుతో చేయిద్దామంటే ఎప్పుడూ మిగలదు.

గడువు ఎల్లుండే అయితే కొత్త సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. పవర్‌పాయింట్ తెరవండి, స్లైడ్‌ను 13 సెం.మీ. వెడల్పుకు మార్చండి. ల్యాబ్ భాగాలకు లైసెన్సు ఉన్న రెడీమేడ్ గుర్తులు వాడండి, జీవి చోట మీ సొంత ఫోటో కొలత గీతతో పెట్టండి. పీడీఎఫ్ చేసి, ఒక ప్రింటు తీసి చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. చదవలేని అక్షరం ఏదైనా ఉంటే పెద్దది చేయండి, చోటు చాలకపోతే ఆ లేబుల్‌ను తీసేసి కింద వివరణలో రాయండి.